ఊరి గింజ, ఊరి ఇంజన్: ఉద్యమ ప్రణాళిక

డీజిల్ ఇంజన్ తిరిగే ప్రతి ఊళ్లో, ఆ ఇంజన్ కాల్చే ఇంధనంలో కొంతైనా ఆ ఊరి చెట్ల నూనె నుంచి రావాలి. ఆ నూనె ఎవరి కంచంలోంచీ లాక్కున్నది కాకూడదు. పంట పొలాన్ని మింగి వచ్చినది కాకూడదు. ఇంజన్‌ను పాడుచేసేది అసలే కాకూడదు. ఈ మాటల మీద నిలబడి ఉద్యమం మొదలుపెడుతున్నాం. ట్రాక్టర్ యజమానులం, డ్రైవర్లం, ఆయిల్ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కులం, నూనె మిల్లులు నడిపేవాళ్లం, వేసవిలో కానుగ కాయ ఏరి అమ్ముకునే ఆడవాళ్లం, కాలేజీ ల్యాబుల్లో కెమిస్ట్రీ చదువుకుంటున్న పిల్లలం ఇందులో ఉన్నాం. మాలో ఎవరం ఏ పని చేస్తామో, ఏ పని చేయబోమో ఈ ప్రణాళికలో రాసుకున్నాం. చదివి, నచ్చితే చేరండి. నచ్చని చోట నిలదీయండి.

మన వ్యవసాయం ఇప్పుడు డీజిల్ మీద నడుస్తోంది. దుక్కి దున్నాలన్నా, దమ్ము చేయాలన్నా, కోత మిషన్ చేలోకి దిగాలన్నా, కరెంటు లైను లేని చోట వాగులోంచి నీళ్లు తోడాలన్నా, పండిన ధాన్యం మార్కెట్ యార్డుకు చేరాలన్నా డీజిలే. దేశం మొత్తం మీద ఏడాదికి దాదాపు 9 కోట్ల టన్నుల డీజిల్ ఖర్చవుతోంది. మనం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి దేశాల నుంచి ఓడల్లో రావాల్సిందే. ఎక్కడో జలసంధిలో ఓడలు ఆగితే ఇక్కడ గంట దుక్కి కిరాయి పెరుగుతుంది. పెరిగిన కిరాయి కట్టేది కౌలురైతు. అతని పంట ధర మాత్రం ఆ లెక్కన పెరగదు. ఈ మొత్తం వ్యవహారంలో పల్లె చేతిలో ఉన్నది ఏమీ లేదు. కొంతైనా ఉండాలన్నదే మా పట్టుదల.

చెట్ల నూనెతో ఇంజన్ నడపడం కొత్తగా కనిపెట్టిన విద్య కాదు. రుడాల్ఫ్ డీజిల్ తన నమూనా ఇంజన్‌ను జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో మొదటిసారి పరీక్షించింది 1893 ఆగస్టు 10న. ఆ తేదీనే ప్రపంచ జీవ ఇంధన దినంగా జరుపుతున్నారు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒట్టో కంపెనీ ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపింది. ఫ్రెంచి ప్రభుత్వం కోరిక మీద జరిగిన పని అది. ఆఫ్రికా వలస దేశాల్లో పండే వేరుశనగ వాళ్ల మనసులో ఉంది. 1937లో బెల్జియం శాస్త్రవేత్త షావాన్ పామాయిల్‌ను ఆల్కహాల్‌తో కలిపి పల్చని ఇంధనంగా, అంటే ఇవాళ్టి బయోడీజిల్‌గా, మార్చే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. మరుసటి ఏడాది బ్రస్సెల్స్, లూవెన్ ఊళ్ల మధ్య ఆ ఇంధనంతో బస్సు నడిచింది. అంటే ఇంజన్‌కు చెట్ల నూనె పనికొస్తుందా అన్న ప్రశ్న ఎప్పుడో తీరిపోయింది. ఏ నూనె, ఎవరి నూనె, ఎవరి ఇంజన్‌కు అన్నదే తీరలేదు.

ఏ నూనె వద్దు, ఏ నూనె కావాలి

పారిస్‌లో ఇంజన్ తాగిన నూనె అనంతపురం రైతుకు బాగా తెలిసిన నూనే. అయినా వేరుశనగ నూనెను మేం ఇంజన్‌లో పోయం. పొద్దుతిరుగుడు, నువ్వులు, ఆవాలు, సోయా, పామాయిల్ ఏవీ పోయం. దేశం తినే వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్న మనం తిండి నూనెను కాల్చడం తప్పు. 2022 ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులు మూడు వారాలు ఆపేసినప్పుడు మన వంటింట్లో ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. అదే ఇండోనేషియా తన డీజిల్‌లో 2020 నుంచి 30 శాతం, ఇప్పుడు 40 శాతం పామాయిల్ బయోడీజిల్ కలుపుతోంది. దానికోసం కొట్టేసిన అడవులు, ఎండగట్టిన పీట్ నేలలు ఎంతో ప్రపంచమంతా చూసింది. కాకినాడ రేవు దగ్గర బయోడీజిల్ ఫ్యాక్టరీలు వెలిశాయి. ఓడలో వచ్చిన పామ్ నూనె అక్కడ బయోడీజిల్ అయితే దేశానికి లెక్కల్లో ఏమైనా కలిసిరావచ్చు గానీ, మన పల్లెకు ఒరిగేది లేదు. ముడిచమురు ఓడ బదులు పామాయిల్ ఓడ కోసం ఎదురుచూడటానికి ఉద్యమం అక్కర్లేదు.

ఇప్ప గింజ జోలికి కూడా పోం. ఇప్ప నూనె ఆదివాసీ ఇళ్లలో వంటకు వాడే నూనె, ఇప్పపువ్వు వాళ్లకు ఆహారం. అది కొండ మీద వాళ్ల సొంతం. వాళ్లే అమ్ముతామంటే అది వాళ్ల ఇష్టం, మేం మాత్రం అడగం.

మాకు కావలసింది కానుగ. ఊరి చెరువు గట్టు మీద, రోడ్డు పక్కన, బడి ఆవరణలో, వాగు ఒడ్డున అది ఇప్పటికే ఉంది. పప్పుజాతి చెట్టు కాబట్టి నేలకు నత్రజని ఇస్తుంది. పశువులు పెద్దగా మేయవు, కంచె కట్టే పని తక్కువ. కానుగ రొట్ట మడిలో తొక్కి వరి నాటిన తరం ఇంకా మన మధ్యనే ఉంది. కానుగ పుల్లతో పళ్లు తోముకున్నవాళ్లూ, గజ్జికి కానుగ నూనె రాసుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ నూనె చేదు, విషగుణం ఉంది, ఎవరూ తినరు. మా దృష్టిలో అదే దాని గొప్ప అర్హత. వేసవి మొదట్లో కాయ ముదిరి, గోధుమరంగు తిరిగి, చెట్టు కింద పరుచుకుంటుంది. చదునుగా, కొస వంకరగా ఉన్న ఆ కాయను ఎండబెట్టి కర్రతో కొడితే లోపల సాధారణంగా ఒక్కటే గింజ, ఎర్రటి ముడతల తోలుతో బయటపడుతుంది. చాలా ఊళ్లలో ఆ కాయను ఆకులతో కలిపి ఊడ్చి తగలబెడుతున్నారు. కాపు ముదిరే రోజుల్లోనే కరెంటు తీగలకు అడ్డమని కొమ్మలు నరికేస్తున్నారు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మొదట పోయేది కానుగే.

కానుగతో పాటు వేప గింజ, ఇతర తినని నూనెగింజలు ఊరినిబట్టి కలుపుకుంటాం. ఇంకొకటి కూడా తీసుకుంటాం: వాడేసిన వంటనూనె. దాని సంగతి ముందుముందు చెబుతాం.

జట్రోఫా మిగిల్చింది

ఊళ్లోకి వెళ్లి బయోడీజిల్ అనగానే రైతు అడిగే మొదటి మాట జట్రోఫా అనే నూనెగింజ మొక్క గురించి. అడగాల్సిందే. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ నివేదిక వచ్చింది. బంజరు భూముల్లో లక్షల హెక్టార్లలో జట్రోఫా వేసి 2011–12 నాటికి డీజిల్‌లో 20 శాతం కలుపుతామని అందులో ఉంది. 2006 జనవరి నుంచి లీటరు 25 రూపాయలకు కొంటామని ధర కూడా ప్రకటించారు. నీళ్లు అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, ఎక్కడైనా కాస్తుంది అని చెప్పి నర్సరీలు మొక్కలు అమ్మాయి. మొక్క బతకడం వేరు, కాయడం వేరు. నీళ్లు లేని నేలలో చెట్టు బతికింది గానీ కాయ కాయలేదు. కాసిన చోట ఏరే కూలీ గింజ ధరను మింగేసింది. కొనేవాడు రాలేదు. రైతు పీకేశాడు. 2009 జాతీయ విధానంలో 20 శాతం గడువును 2017కు జరిపారు. 2018 విధానంలో లక్ష్యాన్నే 2030 నాటికి 5 శాతానికి దించారు. ఇప్పటికీ దేశం మొత్తం మీద డీజిల్‌లో కలుస్తున్నది 1 శాతం లోపే.

ఈ చరిత్ర నుంచి మేం మూడు నియమాలు పెట్టుకున్నాం. ఉన్న చెట్ల కాయ పూర్తిగా ఏరకముందు ఒక్క కొత్త మొక్కను కూడా రైతుకు అంటగట్టం. సాగుభూమిలో తోట వేయమని ఎవరికీ చెప్పం. గట్లు, కాలవ ఒడ్లు, ఊరి ఉమ్మడి నేలలు చాలు. కొనుగోలు ఖాయం కాకుండా కాయ ఏరించం. ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ ఊరి సంఘం ఉద్యమంలో ఉండదు.

మన దగ్గరే మంచి ఆనవాళ్లు కూడా ఉన్నాయి. అప్పటి ఆదిలాబాద్ జిల్లా జైనూరు మండలంలోని పవర్‌గూడ గోండు గూడెంలో మహిళా సంఘాలు కానుగ నాటాయి, గింజ పట్టే మిల్లు నడిపాయి, నర్సరీ పెంచాయి. అక్కడ వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తోడుగా నిలిచింది. 2003 అక్టోబరులో ప్రపంచ బ్యాంకు ఆ మహిళలకు 645 డాలర్లు చెల్లించింది. కానుగ నూనె డీజిల్ స్థానంలో వాడటం వల్ల తగ్గబోయే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు అది వెల. ఆ మొత్తం చిన్నదే కావచ్చు. గోండు ఆడవాళ్ల చేతిలోని గింజకు వాషింగ్టన్‌లో లెక్కగట్టి డబ్బు పంపారన్నది మాత్రం చిన్న విషయం కాదు. పక్కన కర్ణాటకలో భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యుడు ఉడుపి శ్రీనివాస కగ్గనహళ్లిలో హొంగె, అంటే మన కానుగ, నూనెతో జనరేటర్లు తిప్పించి బోర్లకు కరెంటు ఇప్పించారు. హాసన్ దగ్గర మడెనూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం జీవ ఇంధన పార్కు పెట్టి, పొలం గట్ల మీద చెట్లు పెంచే పద్ధతిని రైతుల్లోకి తీసుకెళ్లింది. వీటిలో ఏదీ లక్షల హెక్టార్ల పథకం కాదు. నిలిచిన పనులన్నీ ఊరి కొలతలోనే ఉన్నాయి.

గింజ లెక్క

ఉద్యమం పేరుతో గొప్పలు చెప్పం. లెక్క చూడండి. ముదురు కానుగ చెట్టు కాపు నేలనుబట్టి, వానలనుబట్టి బాగా మారుతుంది. అందుకే తక్కువ వైపే పట్టి చెట్టుకు 10 కిలోల గింజ అనుకుందాం. ఊళ్లో 1000 చెట్లుంటే 10 టన్నుల గింజ. మిల్లులో నాలుగో వంతు నూనె దిగుతుంది, అంటే 2.5 టన్నులు, సుమారు 2,700 లీటర్లు. శుద్ధి, తరుగు పోగా 2,500 లీటర్ల బయోడీజిల్ చేతికొస్తుందనుకుందాం. డీజిల్‌లో 10 శాతం చొప్పున కలిపితే 25,000 లీటర్ల మిశ్రమానికి సరిపోతుంది. ఒక మోస్తరు ఊరి ట్రాక్టర్లకు అది ఒక కారు దుక్కికి ఆసరా అవుతుంది. అంతే. దేశం వాడే డీజిల్‌లో 5 శాతం కానుగ నూనెతోనే నింపాలంటే ఇదే లెక్కన 180 కోట్ల చెట్లు కావాలి. అందుకే దేశానికి చమురు దిగుమతి తప్పిస్తామని మేం ఎక్కడా అనం. ఆ మాట అన్నవాళ్లు జట్రోఫా అమ్మారు.

ధర సంగతి ఇంకా నిక్కచ్చిగా చెప్పుకోవాలి. కిలో గింజకు 20 రూపాయలు ఇచ్చామనుకోండి. లీటరు నూనెకు సుమారు 3.7 కిలోల గింజ పడుతుంది, అంటే 74 రూపాయలు గింజకే. మిల్లు కూలీ, మిథనాల్, కరెంటు, రవాణా కలిపితే బంకులో డీజిల్ ధరకు దరిదాపుల్లోకి వచ్చేస్తుంది. ఈ పనిని నిలబెట్టేది నూనె ఒక్కటే కాదు, నూనె తీశాక మిగిలే పిండి కూడా. ఆ 10 టన్నుల గింజలోంచి 7.5 టన్నుల కానుగ పిండి మిగులుతుంది. దానిలో దాదాపు 4 శాతం నత్రజని. అంటే 300 కిలోల నత్రజని, సుమారు 14 బస్తాల యూరియాలో ఉన్నంత. పైగా కానుగలో ఉండే కరంజిన్ అనే పదార్థం నేలలో నత్రజని తొందరగా నష్టపోకుండా అడ్డుపడుతుంది, చెదలను కూడా కొంత అదుపు చేస్తుంది. పశువుల దాణాకు మాత్రం అది పనికిరాదు, విషం. అందుకే మా నియమం: ఊరి గింజ పిండి ఊరు దాటకూడదు. గింజ ఏరిన ఇంటికి, చిన్న రైతుకు మొదటి హక్కు. పిండిని టోకు వ్యాపారికి అమ్మేసి, నూనెతోనే లాభం చూసుకోవాలనుకున్న యూనిట్ ఎక్కువ కాలం నిలవదు.

ఏరేవాళ్ల కూలీ మీద బేరం లేదు. మండుటెండలో వంగి కాయ ఏరేది ఆడవాళ్లు, అందులో ఎక్కువమంది భూమిలేనివాళ్లు. అటవీ ఫలసాయానికి కేంద్రం 2013–14లో మొదలుపెట్టిన మద్దతు ధర పథకంలో కానుగ గింజ మొదటి నుంచీ ఉంది. మేం కొనే ధర ఆ మద్దతు ధరకు ఎప్పుడూ తగ్గదు. కాటా ఊరి మధ్యలో, అందరి ఎదుట. తేమ పేరు చెప్పి తరుగు తీయడం ఉండదు. తడి గింజ అయితే ఆరబెట్టి మర్నాడు తెమ్మంటాం. డబ్బు ఆ రోజే ఏరినామె ఖాతాలో పడాలి. ఏజెన్సీ గ్రామాల్లో గింజ మీద నిర్ణయం గ్రామసభదే. 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన ఆ హక్కుకు ఉద్యమం కట్టుబడి ఉంటుంది.

వాడేసిన నూనె

పట్నంలో కానుగ లేకపోయినా నూనె ఉంది. మిర్చిబజ్జీ బండి నుంచి ఫంక్షన్ హాలు దాకా, హాస్టల్ వంటశాల నుంచి చికెన్ పకోడి కొట్టు దాకా బాణలిలో నల్లబడే నూనె ఎక్కడికి పోతోంది? కొంత కాలవలోకి, కొంత చవగ్గా మళ్లీ ఇంకో కొట్టు బాణలిలోకి. పదే పదే కాగిన నూనెలో పేరుకునే హానికర పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదని ఆహార భద్రత సంస్థ 2018 జూలై నుంచి నియమం పెట్టింది. ఆ నూనెను సేకరించి బయోడీజిల్‌కు మళ్లించే కార్యక్రమం కూడా అదే ఏడాది మొదలుపెట్టింది. నియమం మంచిది, అది చిన్న కొట్టు దాకా దిగలేదు. బజ్జీ బండి అక్కకు జరిమానా వేస్తే నూనె మారదు. ఆమె దగ్గర వాడిన నూనె రొక్కం ఇచ్చి కొంటే మారుతుంది. పట్నాల్లో మా సభ్యుల మొదటి పని ఇదే: వారానికోసారి డబ్బా పట్టుకుని వెళ్లి, తూచి, డబ్బు చేతిలో పెట్టి రావడం. మళ్లీ ఎవరూ వంటకు వాడలేకుండా అక్కడికక్కడే ఆ డబ్బాలో కాస్త కానుగ నూనె కలపాలి. చేదు, వాసన దానికి కాపలా.

నూనెను ఇంధనం చేయడం

కానుగ నూనె నేరుగా ట్యాంకులో పోసినా ఇంజన్ నడుస్తుంది, పొగ కూడా పెద్దగా రాదు అని కొందరు మిత్రులు వాదిస్తారు. కొద్దిరోజులు నడుస్తుంది. నూనె డీజిల్‌కన్నా పది రెట్లు చిక్కన. ఇంజెక్టర్ మంచు తుంపరలా చిమ్మాల్సిన చోట అది ధారగా పడుతుంది, సరిగా కాలదు, ఇంజెక్టర్ మూతి దగ్గర, పిస్టన్ రింగుల్లో మసి గట్టిపడుతుంది. రింగులు పట్టేస్తాయి, ఇంజన్ ఆయిల్ చిక్కబడుతుంది. ఆ ఇంజన్ విప్పి చూసిన మెకానిక్ ఎవరైనా ఈ మాట చెబుతాడు. పచ్చి నూనె మా మిశ్రమంలోకి రాదు.

మార్పు పని ఇలా ఉంటుంది. నూనెను వడగట్టి, వేడిచేసి తేమ పోగొట్టాలి. దానిలోని స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు ఎంతున్నాయో కొలవాలి. గింజ పాతబడినా, తడిసినా ఈ ఆమ్లాలు పెరుగుతాయి. కానుగలో ఇది మామూలే. 2 శాతం దాటితే ముందు సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో ఒక వాయి నడిపి తగ్గించుకోవాలి. లేకపోతే తర్వాతి వాయిలో బయోడీజిల్ బదులు సబ్బు నురుగు తేలుతుంది. ఆ తర్వాత 100 లీటర్ల నూనెకు సుమారు 20 లీటర్ల మిథనాల్, కొద్దిగా కాస్టిక్ సోడా లేదా కాస్టిక్ పొటాష్ కలిపి 60 డిగ్రీల దగ్గర గంటకు పైగా తిప్పాలి. ఆపి వదిలేస్తే కింద ముదురు గోధుమరంగు గ్లిజరిన్ దిగుతుంది, పైన లేత రంగు బయోడీజిల్ నిలుస్తుంది. గ్లిజరిన్ తీసేసి, పైదాన్ని గోరువెచ్చని నీళ్లతో కడిగి, తేమ లేకుండా ఆరబెట్టాలి.

బాగా కుదిరిందో లేదో సీసాలోనే తెలుసుకోవచ్చు. సగం బయోడీజిల్, సగం నీళ్లు పోసి గట్టిగా కుదిపి పెట్టండి. కొద్ది నిమిషాల్లో గీత గీసినట్టు రెండూ విడిపోతే సరే. మధ్యలో పాలనురుగు లాంటి పొర ఉండిపోతే సబ్బు మిగిలింది, మళ్లీ కడగాలి. ఇంకొక పరీక్ష: 27 మి.లీ. మిథనాల్‌లో 3 మి.లీ. బయోడీజిల్ వేసి కలపండి. మొత్తం కరిగిపోతే నూనె మారింది. అడుగున చుక్కలు చేరితే మారని నూనె ఉంది, ఆ వాయి మళ్లీ నడపాలి. ఈ రెండూ దాటినా సరిపోదు. ప్రతి నిల్వ నుంచీ ఒక సీసా గుర్తింపు పొందిన ల్యాబుకు వెళ్లి ఐఎస్ 15607 ప్రమాణానికి నిలవాలి. ఆ కాగితం లేని బయోడీజిల్ మా సంఘం డబ్బాలోంచి బయటికి రాదు.

ఇక్కడ ఒక నిర్ణయం చాలా గట్టిగా తీసుకున్నాం. గింజ ఎండబెట్టడం, నూనె పట్టడం ప్రతి ఊళ్లో జరగాలి. మిథనాల్‌తో చేసే పని మాత్రం ఇళ్లలో, ఊళ్లలో జరగకూడదు. కొన్ని ఊళ్లకు కలిపి ఒక్క యూనిట్, లైసెన్స్‌తో, శిక్షణ ఉన్న మనిషి చేతిలో. మిథనాల్ తాగితే చూపు పోతుంది, ప్రాణం పోతుంది. అంటుకుంటే మంట పగటి వెలుగులో కంటికి సరిగా కనబడదు. మిగిలిన గ్లిజరిన్‌లోనూ అది ఉంటుంది, పూర్తిగా తీసేయకుండా సబ్బు తయారీకి ఇవ్వం. కడిగిన నీళ్లు చెరువులోకి వదలం. ఊరి సొంత ఇంధనం కోసం ఊరి మనిషి కన్ను పోగొట్టుకునే పని మాకు వద్దు.

ఇంజన్ దగ్గర

బీఎస్–6 కార్లు, లారీల్లో మేం తయారుచేసినది కలపమని ఎవరికీ చెప్పం. బంకులో దొరికే డీజిల్‌లోనే ప్రమాణం ప్రకారం 7 శాతం దాకా బయోడీజిల్ ఉండొచ్చు. ఆ వాహనాల్లో పొగ ఫిల్టర్‌ను శుభ్రం చేయడానికి సిలిండర్‌లోకి అదనంగా ఇంధనం చిమ్ముతారు. బయోడీజిల్ అయితే అది ఆవిరవకుండా జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. మా మిశ్రమం పాత ట్రాక్టర్లకు, ఆయిల్ ఇంజన్ పంపుసెట్లకు, పిండిమిల్లు ఇంజన్లకు, జనరేటర్లకు. వారంటీలో ఉన్న బండికి తయారీదారు పుస్తకంలో ఎంత రాసి ఉంటే అంతే.

మొదట 5 శాతంతో మొదలుపెట్టి, 10కి వెళ్లి, ఇంజన్ బాగుంటేనే 20. అంతకు మించి వద్దు. బయోడీజిల్ పాత ట్యాంకులోని మడ్డిని కరిగించి తెస్తుంది. అందుకే మొదటి 50 గంటల్లో ఫిల్టర్ మార్చాలి. ఇంజన్ ఆగిపోతే చాలామంది ఇంధనాన్ని తిడతారు, నిజానికి మూసుకుపోయింది ఫిల్టర్. మామూలు రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడతాయి, వాటి బదులు బయోడీజిల్‌ను తట్టుకునే వైటాన్ పైపులు వేయించాలి. రాగి, ఇత్తడి, జింకు పూత పాత్రల్లో నిల్వ చేయొద్దు. అవి దాన్ని త్వరగా పాడుచేస్తాయి. ట్యాంకు అడుగున చేరిన నీటిని తరచూ వదిలేయాలి. పని లేని కాలంలో బండి పక్కన పెట్టేటప్పుడు మిశ్రమాన్ని ట్యాంకులో ఉంచేయొద్దు.

బయోడీజిల్‌లో శక్తి డీజిల్ కన్నా కొంచెం తక్కువ. 20 శాతం కలిపితే ఇంధన ఖర్చు 1–2 శాతం పెరగొచ్చు. డ్రైవరన్నకు ఈ మాట ముందే చెప్పాలి. బదులుగా అతనికి దక్కేది: గంధకం దాదాపు లేని, పంపుకు జారుడు ఇచ్చే ఇంధనం. అమెరికా పర్యావరణ సంస్థ 2002 లెక్క ప్రకారం సోయా నూనెతో చేసిన 20 శాతం మిశ్రమంలో పొగ రేణువులు సుమారు 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 11 శాతం తగ్గాయి. నైట్రోజన్ ఆక్సైడ్లు 2 శాతం పెరిగాయి. మిథనాల్ కూడా ఎక్కువగా శిలాజ ఇంధనం నుంచే వస్తుంది. కాబట్టి మాది పూర్తిగా పచ్చని ఇంధనమని బోర్డు పెట్టుకోం.

సర్కారును అడిగేవి

చమురు కంపెనీలకు కలపడానికి అమ్మే బయోడీజిల్ మీద జీఎస్టీని 2021లో 5 శాతానికి తగ్గించారు. ఊరి సంఘం రైతుకు అమ్మితే అంతకన్నా ఎక్కువ కట్టాలి. పెద్ద ట్యాంకర్‌కు ఒక పన్ను, చిన్న డబ్బాకు ఇంకో పన్ను ఎందుకు? రైతు సంఘాలు, మహిళా సమాఖ్యలు నడిపే యూనిట్లకూ 5 శాతమే ఉండాలి. చిన్న యూనిట్లకు ల్యాబు పరీక్ష ఖర్చు రాష్ట్ర ప్రభుత్వాలు భరించాలి. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) లాంటి సంస్థల విద్య మండలం దాకా రావాలి. రోడ్లు భవనాల శాఖ, నీటిపారుదల శాఖ, పంచాయతీలు తమ కానుగ చెట్ల కాయ హక్కును ఆ ఊరి మహిళా సంఘానికి రాసివ్వాలి. తీగల కింద కొమ్మలు కొట్టడం కాయ దిగాకే జరగాలి. రోడ్డు కోసం చెట్టు తీసేస్తే ముదురు చెట్టును తరలించి నాటాలి.

బయోడీజిల్ పేరుతో పరిశ్రమల ద్రావకాలను డీజిల్‌లో కలిపి అమ్మే నకిలీ వ్యాపారం దేశంలో చాలాచోట్ల పట్టుబడింది. ఆ సరుకు ఇంజన్‌నే కాదు, మా మాట మీద నమ్మకాన్నీ పాడుచేస్తుంది. మా ప్రతి డబ్బా మీద గింజ ఏ ఊరిదో, తయారైన తేదీ, ఎంత శాతమో, ఏ ల్యాబు పరీక్షించిందో రాసి ఉంటుంది. రాయని డబ్బా కనిపిస్తే సభ్యులే ఫిర్యాదు చేయాలి, అది మన సంఘానిదైనా సరే.

మొదటి ఏడాది

కానుగ కాలం, దుక్కి కాలం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కాయ ఫిబ్రవరి నుంచి మే దాకా రాలుతుంది, తొలకరి దుక్కి జూన్‌లో. బయోడీజిల్ ఆరు నెలలు దాటి నిల్వ ఉంటే చెడిపోతుంది కాబట్టి, వేసవిలో తయారైనది ఖరీఫ్‌లోనే వాడేస్తాం. సంక్రాంతి లోపు ప్రతి ఊరి సంఘం చెట్లు లెక్కపెట్టి, ఒక్కో చెట్టు ఎవరి జాగాలో ఉందో రాసుకోవాలి. ఉగాదికి ముందే కొనుగోలు ధర గ్రామసభలో ప్రకటించాలి. గింజ మిల్లుకు చేరాక నూనె, పిండి లెక్క గోడ మీద రాయాలి. మిశ్రమం వాడే ప్రతి ఇంజన్‌కూ ఒక పుస్తకం: ఎన్ని గంటలు నడిచింది, ఎంత తాగింది, ఫిల్టర్ ఎప్పుడు మారింది, ఏం ఇబ్బంది వచ్చింది. దసరాకు ఆ పుస్తకాలన్నీ ఒకచోట పరిచి, మెకానిక్కుల ముందు చదువుతాం. ఏ ఊళ్లో నష్టం వచ్చిందో, ఎందుకు వచ్చిందో అక్కడే చెప్పాలి. ఆ రోజే మరుసటి ఏడాది కలిపే శాతం, గింజ ధర నిర్ణయిస్తాం. ఓటు గింజ ఏరినామెకూ, ట్రాక్టర్ యజమానికీ ఒక్కటే.

చేరదలచిన ఊరు ఐదు పేర్లు ఇస్తే చాలు: ఇద్దరు ఏరేవాళ్లు, ఒక ట్రాక్టర్ డ్రైవర్, ఒక మెకానిక్, లెక్క రాయగల ఒక మనిషి. చందా లేదు. చెట్ల లెక్క తెచ్చిన రోజే సభ్యత్వం.